సత్రంలో దొరకని చోటు

ధనుర్మాసం నడుస్తూ ఉంటుంది. వేకువజామున వైష్ణవాలయాల్లో తిరుప్పావై పాశురాలు వినిపిస్తూ ఉంటాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే మన వీధిలోని క్రైస్తవుల ఇళ్ల ముంగిట కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. ఊరు ఒకటే, చలి ఒకటే, తెల్లవారకముందే మేల్కొనే భక్తుల ఆరాటం కూడా ఒకటే. ఆ నక్షత్రాన్ని మనలో చాలామందిమి చిన్ననాటి నుండి చూస్తూనే ఉన్నాము. అయితే అది ఏ కథకు గుర్తుగా వెలుగుతున్నదో, ఆ కథను దేశదేశాల ప్రజలు ఏయే రీతులలో స్మరించుకుంటారో తెలుసుకునే ప్రయత్నం మాత్రం అరుదుగా చేస్తాము. పాఠక మహాశయులారా! ఈ వారం ఆ ప్రయత్నం చేద్దాము.

క్రీస్తు జనన వృత్తాంతం బైబిలులోని నాలుగు సువార్తలలో రెండింటిలోనే కనిపిస్తుంది. తూర్పుదేశపు జ్ఞానులు నక్షత్రాన్ని అనుసరించి వచ్చిన కథను మత్తయి చెబితే, పశువుల తొట్టి కథను లూకా చెబుతాడు. రోమను చక్రవర్తి జనాభా లెక్కలకు ఆజ్ఞాపించాడు. ఎవరి పూర్వికుల ఊరికి వారు వెళ్లి పేరు నమోదు చేయించుకోవాలి. నజరేతులో ఉంటున్న యోసేపు, నిండు చూలాలైన మరియను వెంటబెట్టుకొని బెత్లెహేముకు ప్రయాణమయ్యాడు. అక్కడ సత్రంలో వారికి చోటు దొరకలేదు. పుట్టిన బిడ్డకు పశువులు మేత మేసే తొట్టే ఊయల అయింది.

లూకా ఇక్కడ సత్రం యజమాని ఊసే ఎత్తడు. తలుపు ఎవరు మూశారో చెప్పడు. చోటు లేకపోయిందని మాత్రం చెప్పి ముందుకు సాగిపోతాడు. ఆ ఒక్క మాట మాత్రం లోకం మనసులో నిలిచిపోయింది. దేశదేశాల క్రిస్మస్ ఆచారాలను పక్కపక్కన ఉంచి పరిశీలించండి. వంటలు వేరు, పాటలు వేరు, చివరికి తేదీలు సైతం వేరు. అయినప్పటికీ వాటిలో హృదయాన్ని తాకేవన్నీ ఒకే పనిని చేస్తున్నట్లు కనిపిస్తాయి. ఆనాడు దొరకని చోటును ఈనాడు కల్పించడమే ఆ పని.

ఒక జననం, మూడు తేదీలు

మొదట తేదీల సంగతి. నిత్యమూ పంచాంగంతో పనిపడే నా వంటివారికి ఇది మిక్కిలి ఆసక్తికరమైన విషయం. సువార్తలలో క్రీస్తు పుట్టిన దినం ప్రస్తావన లేదు. క్రీ.శ. 354లో రోము నగరంలో సంకలితమైన ఒక పంచాంగ గ్రంథంలో డిసెంబరు 25 కనిపిస్తుంది. ఆ తేదీ క్రమంగా లోకమంతటా వ్యాపించింది. కాగా జూలియస్ సీజరు నెలకొల్పిన కాలమానంలో ఏడాదికి సుమారు పదకొండు నిమిషాలు అధికంగా లెక్కకు వచ్చేవి. శతాబ్దాలు గడిచేసరికి ఆ నిమిషాలు రోజులైనాయి. 1582లో పోపు 13వ గ్రెగరీ దానిని సరిదిద్ది, అక్టోబరు 4 మరునాటిని అక్టోబరు 15గా ప్రకటించాడు. ఆ దిద్దుబాటును పండుగల విషయంలో స్వీకరించని తూర్పు క్రైస్తవ శాఖలు కొన్ని నేటికీ పాత గణననే పాటిస్తున్నాయి. రెండింటి మధ్య ఇప్పుడు 13 రోజుల అంతరం ఉన్నది.

అందువల్లనే రష్యా, సెర్బియా, జార్జియా దేశాల సనాతన క్రైస్తవులకు క్రిస్మస్ జనవరి 7న వస్తుంది. నిజానికి వారు జరుపుకునేది కూడా డిసెంబరు 25నే. వారి పంచాంగం ప్రకారం ఆ రోజు అప్పటికి వస్తుంది, అంతే! 2100వ సంవత్సరం ఫిబ్రవరితో ఈ అంతరం 14 రోజులవుతుంది. ఆపైన వారి పండుగ మన లెక్కలో జనవరి 8కి జరుగుతుంది. ఆర్మీనియా క్రైస్తవులది మరొక సంప్రదాయం. జననాన్నీ, బాప్తిస్మాన్నీ కలిపి జనవరి 6న ఒకే పండుగగా చేసుకుంటారు. యెరూషలేములోని ఆర్మీనియనులు పాత కాలమానాన్ని అనుసరిస్తారు కనుక వారికది జనవరి 19 అవుతుంది. ఆ విధంగా క్రీస్తు పుట్టిన బెత్లెహేములో ఏటా మూడు పర్యాయాలు క్రిస్మస్ జరుగుతుంది. ఉక్రెయిన్ దేశం 2023లో చట్టం చేసి, తన సెలవు దినాన్ని జనవరి 7 నుండి డిసెంబరు 25కు మార్చుకున్నది. యుద్ధకాలంలో పంచాంగం సైతం ఒక జాతి తన దారి తాను ఎంచుకున్నదని చాటే గుర్తు అయింది.

దృగ్గణిత పంచాంగంలో ఒకనాడు, పూర్వపద్ధతి పంచాంగంలో మరునాడు పండుగ వచ్చినప్పుడు మన ఊళ్లలో కలిగే తర్జనభర్జనలు మీకు తెలియనివి కావు. బెత్లెహేములోనూ అంతే. 4వ శతాబ్దంలో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కట్టించగా, 6వ శతాబ్దంలో జస్టీనియన్ కాలంలో పునర్నిర్మితమైన ఆ జనన దేవాలయాన్ని గ్రీకు, ఆర్మీనియా, కేథలిక్ శాఖలు మూడూ పంచుకుంటాయి. ఏ మూల ఎవరిది, ఏ వేళ ఎవరిది అన్న ఏర్పాటు ఒట్టోమను సుల్తానుల కాలం నాటిది. 2011 డిసెంబరులో ఊడ్చే హద్దుల విషయమై రెండు శాఖల అర్చకులు చీపుళ్లతోనే కలబడ్డారు! చోటు దొరకని శిశువు పేరిట వెలసిన ఆలయంలో చోటు కోసమే పెనుగులాట. నవ్వు వస్తుంది, వెంటనే నొచ్చుకోవాలనీ అనిపిస్తుంది. ఏ మతపు అర్చకులకైనా ఇది అద్దం వంటి ఉదంతం. అయినా ఆ మూడు శాఖల వారూ అదే ఆలయంలో ప్రార్థన చేస్తారన్నది కూడా మరువరాదు.

తలుపు తట్టే తొమ్మిది రాత్రులు

ఇక ఆచారాలలోకి వద్దాము. మెక్సికో దేశంలో డిసెంబరు 16 మొదలు 24 వరకు తొమ్మిది రాత్రులు 'పొసాదాస్' అనే ఉత్సవం జరుగుతుంది. స్పానిషు భాషలో పొసాదా అంటే సత్రమే. 16వ శతాబ్దం చివర మెక్సికో నగర సమీపంలోని అకోల్మాన్ మఠంలో అగస్టీనియన్ సన్యాసులు దీనికి అంకురార్పణ చేశారని చెబుతారు. చీకటి పడగానే వీధివారంతా కొవ్వొత్తులు పట్టుకొని, మరియ యోసేపుల ప్రతిమలతో బయలుదేరుతారు. ఒక ఇంటి ముందు నిలిచి, ఈ రాత్రికి తలదాచుకోనివ్వండని పాటగా వేడుకుంటారు. లోపలివారు పాటగానే కాదు పొమ్మంటారు. మరొక గుమ్మం, మరొక తిరస్కారం. చివరకు ఒక ఇంటివారు అతిథులను గుర్తించి తలుపులు బార్లా తెరుస్తారు. అప్పుడు అందరూ లోపలికి వెళ్లి ప్రార్థించి, వేడి పళ్లరసం తాగి, మొక్కజొన్న పిండితో చేసిన తమాలెలు తింటారు. కళ్లకు గంతలు కట్టుకున్న పిల్లలు, పైన వేలాడే రంగుకాగితాల బుట్టను కర్రతో పగులగొడతారు. దానికుండే ఏడు కొమ్ములు ఏడు మహాపాపాలకు గుర్తులట.

ఇందులోని విశేషాన్ని గమనించండి. ఆశ్రయం అడిగేవారి వేషమే కాదు, పొమ్మనేవారి వేషం కూడా ఊరివారే వేస్తారు. గుమ్మం లోపల నిలబడి లేదు పొమ్మనడం ఎంత సులభమో, గుమ్మం బయట నిలబడి ఆ మాట వినడం ఎంత కష్టమో ఆ తొమ్మిది రాత్రులలో ప్రతి పిల్లవాడూ నేర్చుకుంటాడు. ఉపన్యాసం చేయలేని పని అది.

ఫిలిప్పీన్స్ దీవులలో కూడా అవే తొమ్మిది రోజులు. అక్కడ మాత్రం రాత్రులు కావు, వేకువలు. ఎండ ముదరకముందే పొలానికి వెళ్లే రైతుల సౌకర్యార్థం కోడికూతకు ముందే ప్రార్థన జరపడం స్పానిషు పాలన నాటి ఏర్పాటు. ధనుర్మాస ప్రాతఃకాల పూజలకు వెళ్లే వారికి ఆ చలి, ఆ చీకటి, ఆ నిద్రమత్తు చిరపరిచితాలే. ప్రార్థన ముగియగానే చర్చి బయట అమ్మే బియ్యపుపిండి రొట్టె బిబింగ్కా, ఊదారంగు పుటో బుంబోంగ్ మనకు ప్రసాదాల్ని గుర్తుకు తెస్తాయి. ఇంటింటా వెదురు చట్రానికి కాగితం అతికించిన నక్షత్ర దీపం 'పరోల్' వెలుగుతుంది. సెప్టెంబరు రాగానే అక్కడ క్రిస్మస్ పాటలు మొదలవుతాయి. లక్షలాది ఫిలిప్పీనీయులు పొట్టకూటి కోసం పరదేశాలలో ఉంటారు. వారు ఓడల మీద పంపే పెట్టెలు ఇల్లు చేరడానికే వారాలు పడుతుంది. గల్ఫు దేశాలకు వెళ్లిన బిడ్డల కోసం ఎదురుచూసే కరీంనగరు, కోనసీమ ఇళ్లకు ఆ ఎదురుచూపు గురించి ఎవరూ వివరించనక్కరలేదు.

ఒక విస్తరి అదనం

ఐరోపాలోని పోలండు దేశానికి వెళదాము. అక్కడ డిసెంబరు 24 సాయంత్రం పిల్లలంతా కిటికీల దగ్గర చేరి ఆకాశం వైపు చూస్తారు. మొదటి చుక్క పొడిచేవరకు ఎవరూ భోజనానికి కూర్చోరు. బల్ల మీద పరచిన వస్త్రం కింద కాస్త ఎండుగడ్డి ఉంచుతారు. అది పశువుల తొట్టికి గుర్తు. భోజనానికి ముందు 'ఓప్వాతెక్' అనే పలుచని గోధుమ అప్పాన్ని ఒకరి చేతిలోది మరొకరు తుంచుకుంటూ, ఏడాదిలో జరిగిన పొరపాట్లను క్షమించమని కోరుకుంటారు. ఆపై మాంసం లేని పన్నెండు వంటకాలు. చేపను మాత్రం వారు మాంసంగా పరిగణించరు.

ఆ బల్ల దగ్గర ఇంటిల్లిపాదికీ వడ్డించిన పిమ్మట, ఒక పళ్లెమూ ఒక కుర్చీ ఖాళీగా ఉంటాయి. అనుకోకుండా వచ్చే అతిథి కోసం ఆ ఏర్పాటు. గతించిన ఆత్మీయుల కోసమని కూడా కొందరు భావిస్తారు. తిథి నియమం లేకుండా వచ్చేవాడు గనుక అతిథి అన్నారని మన పెద్దలు చెప్పే వ్యుత్పత్తి మీకు తెలిసిందే. వచ్చాక పెట్టడం మర్యాద. వస్తాడో రాడో తెలియని వానికి ముందే విస్తరి వేసి ఉంచడం సంస్కారం.

సెర్బియాలో పండుగనాటి ఉదయం గడప దాటి వచ్చే మొదటి అతిథికి ప్రత్యేక గౌరవం ఉన్నది. అతడు పొయ్యిలో కాలుతున్న ఓక్ మొద్దును కదిలించి, ఎగసిన రవ్వలన్ని సిరులు ఈ ఇంట కలగాలని దీవిస్తాడు. ఐర్లండు పల్లెల్లో ఆ రాత్రి కిటికీలో కొవ్వొత్తి వెలిగించి పెడతారు. దారి తప్పిన బాటసారికి, ఆశ్రయం వెతికే మరియ యోసేపులకు ఇక్కడ చోటున్నదని ఆ దీపం చెబుతుంది.

తెల్లని వస్త్రాలు, నలభైమూడు రోజుల ఉపవాసం

ఆఫ్రికా ఖండంలో క్రైస్తవం యూరపు నుండి వచ్చిందని మనలో చాలామంది అనుకుంటారు. అయితే ఇథియోపియా రాజ్యం 4వ శతాబ్దంలోనే ఆ మతాన్ని స్వీకరించింది. అక్కడ క్రిస్మస్ పేరు 'గెన్నా'. జనవరి 7న జరుగుతుంది. దానికి ముందు 43 రోజులు మాంసం, గుడ్లు, పాలు, వెన్న అన్నీ విడిచి భక్తులు ఉపవాస నియమంలో ఉంటారు. పండుగనాడు కోడికూర 'దోరో వత్'తో, పులిసిన టెఫ్ పిండితో పోసిన అట్టు 'ఇంజెరా'తో ఉపవాసం విరమిస్తారు.

ఆ దేశపు ఉత్తర భాగంలో లాలిబెలా అనే క్షేత్రం ఉన్నది. అక్కడి పదకొండు చర్చిలను ఇటుక మీద ఇటుక పేర్చి కట్టలేదు. ఎల్లోరాలోని కైలాసాలయం వలె ఏకశిలను పైనుండి కిందికి తొలిచారు. పండుగ వేళకు వేలాది యాత్రికులు, వారిలో చాలామంది కాలినడకన, తెల్లని నూలు వస్త్రాలు ధరించి అక్కడికి చేరుతారు. వేకువన అర్చకులు రెండు బృందాలుగా, రాతి అంచు మీద కొందరు, కింద ప్రాంగణంలో కొందరు నిలిచి, లయబద్ధంగా ఊగుతూ స్తుతిగానం చేస్తారు. పైనున్నవారు దేవదూతలకు, కిందనున్నవారు గొర్రెల కాపరులకు ప్రతీకలు. కొండను తొలిచి దేవునికి చోటు చేసిన ఆ శిల్పుల పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు.

బొమ్మల బెత్లెహేము

మన ఇళ్లలో సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టినట్లే, ఇటలీ దేశంలో క్రిస్మస్‌కు పశువుల పాక కొలువు పెడతారు. దీనికి 1223లో నాంది పలికినవాడు అస్సీసీ పురానికి చెందిన ఫ్రాన్సిస్ అనే బీద సన్యాసి. గ్రెచ్చో అనే కొండపల్లెలో ఒక గుహలో ఎండుగడ్డి పరిచి, సజీవమైన ఎద్దునూ గాడిదనూ నిలిపి, ఊరి జనాన్ని పిలిచి ప్రార్థన జరిపించాడు. దేవుడు ఎంత పేదరికంలో పుట్టాడో కళ్లతో చూడాలన్నదే ఆయన కోరిక. నేపుల్స్ నగరంలోని శిల్పులు ఆ కొలువును ఇంకా విస్తరించారు. వారి బెత్లెహేములో చేపలమ్మే స్త్రీ ఉంటుంది, రొట్టెలు కాల్చేవాడు ఉంటాడు, నిద్రపోతున్న కాపరి ఉంటాడు. సాన్ గ్రెగోరియో అర్మెనో అనే సందులో ఆ బొమ్మల అంగళ్లు నేటికీ కిటకిటలాడుతాయి. ఊరందరికీ చోటున్న కొలువు అది.

కృతజ్ఞతగా ఒక వృక్షం

లండను నగరంలోని ట్రఫాల్గర్ కూడలిలో ప్రతి ఏటా నిలిచే క్రిస్మస్ వృక్షం ఇంగ్లండు అడవులది కాదు. 1947 నుండి నార్వే రాజధాని ఓస్లో నగరం దానిని కానుకగా పంపుతున్నది. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మను సేనలు నార్వేను ఆక్రమించినప్పుడు, ఆ దేశపు రాజు 7వ హాకన్ లండనులోనే తలదాచుకున్నాడు. ఆపదలో చోటిచ్చిన ఊరికి ఏటా ఒక చెట్టు! రాజులు మారినా, తరాలు మారినా ఆ ఋణం మరువలేదు.

దక్షిణార్ధగోళంలోని ఆస్ట్రేలియాలో డిసెంబరు నడివేసవి. అక్కడి మెల్‌బోర్న్‌లో 1937 క్రిస్మస్ ముందురాత్రి, నార్మన్ బ్యాంక్స్ అనే రేడియో ప్రసారకుడు పని ముగించుకొని వెళుతూ, ఒక కిటికీలో కొవ్వొత్తి వెలుగున ఒంటరిగా కూర్చుని రేడియోలో పాట వింటున్న ఒక వృద్ధురాలిని చూశాడు. పండుగనాడు ఒంటరిగా ఉండేవారందరినీ ఒకచోట చేర్చి పాడించాలన్న సంకల్పం ఆయనకు కలిగింది. 1938లో తోటలో ఆరుబయట వేలమంది కొవ్వొత్తులు వెలిగించి పాడారు. ఆ సంప్రదాయం అంధుల సేవకు నిధులు సమకూర్చే మహోత్సవంగా నేటికీ కొనసాగుతున్నది.

క్రైస్తవుల సంఖ్య నూటికి ఒకరికి అటూ ఇటూగా ఉండే జపానులో డిసెంబరు 25 సెలవు దినం కాదు. అయినా దీపాల అలంకారాలు, స్ట్రాబెర్రీలు పొదిగిన తెల్లని కేకు అక్కడ వాడుక. కెంటకీ ఫ్రైడ్ చికెన్ సంస్థ 1974లో చేసిన ప్రచారం ఫలితంగా ఆ రోజున వేయించిన కోడిమాంసం తినడం కూడా అక్కడ ఆచారమైపోయింది. వ్యాపారం తనకు చోటు తానే సంపాదించుకోగలదు. దానికి ఎవరూ తలుపు తీయనక్కరలేదు. మన పిల్లలకు తెలిసిన క్రిస్మస్ తాత కూడా ఇప్పుడు అంగళ్ల ముంగిట బొమ్మ అయినాడు. కానీ ఆ తాతకు మూలపురుషుడైన నికొలాస్, 4వ శతాబ్దంలో నేటి టర్కీ దేశపు మైరా పట్టణంలో మతాధిపతి. కట్నం ఇవ్వలేని పేద తండ్రి ముగ్గురు కుమార్తెల కోసం రాత్రివేళ కిటికీలోంచి బంగారం జారవిడిచి, ఎవరికీ కనబడకుండా వెళ్లిపోయాడని ఐతిహ్యం. ఇచ్చిన చేయి కనబడకూడదన్నది ఆ కథ సారం.

మెదక్ గోపురం

మన నేలకు వద్దాము. మెదక్ పట్టణంలోని మహాదేవాలయాన్ని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. 175 అడుగుల గోపురం, క్రీస్తు జనన దృశ్యాన్ని రంగుల గాజుముక్కలలో చూపే కిటికీ దాని ప్రత్యేకతలు. దానిని నిర్మింపజేసిన చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మతగురువు, కరవు కాలంలో ఆకలితో ఉన్న జనానికి ఈ కట్టడంలో పని కల్పించి అన్నం పెట్టాడని ఆ ప్రాంతీయులు నేటికీ చెప్పుకుంటారు. ఆ నిర్మాణానికి దాదాపు పదేళ్లు పట్టింది. 2024 క్రిస్మస్‌తో ఆ ఆలయానికి నూరేళ్లు నిండాయి. పండుగనాడు తెల్లవారుజామునే మొదలయ్యే ప్రార్థనకు వచ్చే జనసందోహంలో ఇతర మతస్థులు సైతం కనిపిస్తారు. గోపురం ఎత్తు కన్నా, పునాది వేళ తీరిన ఆకలి గొప్పదని ఎవరైనా అంగీకరిస్తారు.

చివరగా మళ్లీ బెత్లెహేముకు వెళదాము. అక్కడి జనన దేవాలయపు ప్రవేశద్వారం నాలుగు అడుగుల ఎత్తు మాత్రమే ఉంటుంది. గుర్రాలతో, బండ్లతో లోనికి చొరబడకుండా పూర్వం దానిని కుదించారంటారు. నేడు దానిని వినయద్వారం అని పిలుస్తారు. ఎంతటి వాడైనా తల వంచితేనే లోపలికి ప్రవేశం. లోపల గుహలో, క్రీస్తు పుట్టిన చోటని భక్తులు విశ్వసించే స్థలంలో పద్నాలుగు కోణాల వెండి నక్షత్రం పొదిగి ఉన్నది. గాజాలో యుద్ధం సాగుతున్న 2023, 2024 సంవత్సరాలలో ఆ ఊరు దీపాలంకారాలు లేకుండా ప్రార్థనలతో మాత్రమే పండుగ గడిపింది. 2023లో అక్కడి ఒక చర్చిలో శిశువు ప్రతిమను తొట్టిలో కాక, కూలిన ఇంటి రాళ్ల వంటి రాళ్ల కుప్ప నడుమ ఉంచారు. రెండు వేల ఏళ్ల నాటి ప్రశ్న ఆ రాళ్ల మధ్య నుండి మళ్లీ వినిపించింది.

ఆ ప్రశ్న ఒక మతానికి మాత్రమే చెందినది కాదు. ప్రసవ వేదనతో ఆసుపత్రి గుమ్మంలో నిలిచిన బీదరాలికి మంచం లేదన్నప్పుడు, ఊరుగాని ఊరు వచ్చిన కూలి కుటుంబానికి కులమో మతమో అడిగి ఇల్లు అద్దెకు ఇవ్వనన్నప్పుడు, బెత్లెహేము సత్రం మన వీధిలోనే ఉన్నదని తెలుసుకోవాలి. ఈ పండుగకు మీ పొరుగింటి నక్షత్రం వెలిగినప్పుడు, వారు పిలిస్తే తప్పక వెళ్లండి. వారి పిండివంటల పళ్లెం మీ ఇంటికి వస్తే ఆదరంతో అందుకోండి. మీ ఇంట పండుగ వచ్చిననాడు వారికొక విస్తరి వేయండి. ఎవరు వస్తారో తెలియని ఆ ఒక్క విస్తరిని కూడా మరువకండి.